లెక్క తేల్చుకుందాం – 9: కింద ఉన్న హారం చూడండి



గత భాగంలో స్కాలర్‌షిప్ బకాయిల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి పరీక్ష లెక్కల గురించి. ముందు ఈ ప్రశ్న చదవండి.

"ఏ, బి, సి, డి, ఈ అనే ఐదు కంపెనీలు ఆరేళ్ళలో అమ్మిన కార్ల సంఖ్య కింది పట్టికలో ఉంది. నాలుగో ఏడాది బి కంపెనీ అమ్మకాలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఎంత శాతం పెరిగాయి?"

ఈ ప్రశ్న చెయ్యని నిరుద్యోగి మన రెండు రాష్ట్రాల్లో దొరకడు. నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కి వచ్చినవాళ్ళు చేస్తారు. అశోక్‌నగర్ రూముల్లో, చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నవాళ్ళు చేస్తారు. డేటా ఇంటర్‌ప్రిటేషన్, అందరూ పిలిచే పేరు డి.ఐ. బ్యాంకు పరీక్షల్లో ఉంది, యూపీఎస్సీ సీశాట్‌లో ఉంది, ఐఐఎంల క్యాట్‌లో ఉంది. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో అయిదో పేపర్ పేరులోనే ఉంది: సైన్స్ అండ్ టెక్నాలజీ, డేటా ఇంటర్‌ప్రిటేషన్. 150 మార్కుల పేపర్.

మన పిల్లలు మూడేళ్ళు, నాలుగేళ్ళు ఈ కంపెనీల కార్లు లెక్కపెడతారు. ఆ కంపెనీ లేదు, ఆ కారు లేదు. లేని కారు అమ్మకం ఎంత పెరిగిందో అర నిమిషంలో చెప్పగల తమ్ముడిని, తన జిల్లాలో ఎస్సీ బ్యాక్‌లాగ్ పోస్టులు ఎన్ని అని అడగండి. తెలియదంటాడు. అది వాడి తప్పని నేననను. ఆ పట్టిక వాడి ముందు ఎవరూ పెట్టలేదు.

ఈ డి.ఐ. చుట్టూ రెండు అబద్ధాలు తిరుగుతున్నాయి. ఒకటి, ఇది పుట్టుకతో వచ్చే తెలివి, దీని పేరే మెరిట్ అనేది. రెండోది, అంకెలకు కులం లేదు అనేది. ఈ రెండూ బయటివాళ్ళు చెప్పేవి. మూడోది మనవాళ్ళు చెప్పేది: "లెక్కలు మనకెందుకన్నా, జీఎస్ గట్టిగా చదువుదాం." మూడింటితోనూ ఇవాళ తగాదా పెట్టుకుంటాను.

మెరిట్ అనే 34 సెకన్లు

డి.ఐ.లో ఉన్న గణితం ఎంత? శాతం, నిష్పత్తి, సగటు, కూడికలు, తీసివేతలు. బడిలో దత్తాంశ నిర్వహణ అనే పాఠంలో కమ్మీ చిత్రాలు, వృత్తరేఖా చిత్రాలు గీశాం కదా, అంతే. యూపీఎస్సీ తన సిలబస్‌లో తానే రాసుకుంది, ఇది పదో తరగతి స్థాయి అని.

మరి కష్టం ఎక్కడ? గడియారంలో. బ్యాంకు పీవో ప్రిలిమ్స్‌లో 35 లెక్కల ప్రశ్నలకు 20 నిమిషాలు. అంటే ప్రశ్నకు 34 సెకన్లు. ఈ 34 సెకన్లలో కొత్తగా ఆలోచించి ఎవడూ లెక్క చెయ్యడు. ముందే వంద సార్లు చేసినవాడి చెయ్యి తనంతట తాను కదులుతుంది. 1/6 అంటే 16.67 శాతం, 1/7 అంటే 14.28, 1/8 అంటే 12.5 అని నోటికి వచ్చినవాడు కాగితం మీద పెన్ను పెట్టకుండానే జవాబు నొక్కుతాడు. రానివాడు భాగహారం వేస్తూ కూర్చుంటాడు. వీళ్ళిద్దరి మధ్య తేడా సాధన. ఇంకేమీ లేదు.

మా అమ్మ నాటు వేసేటప్పుడు ఆమె వేళ్ళు చూస్తే తెలుస్తుంది వేగం అంటే ఏమిటో. నలభై ఏళ్ళ సాధన ఆ చేతిలో ఉంది. ఆ వేగానికి ఈ దేశం పెట్టిన పేరు కూలి. ఏసీ గదిలో రెండేళ్ళు టెస్ట్ సిరీస్ రాసి తెచ్చుకున్న వేగానికి పెట్టిన పేరు మెరిట్.

సాధనకు ఏం కావాలి? ఖాళీ సమయం కావాలి. ఫీజు కావాలి. మాక్ టెస్టులకు కంప్యూటర్ కావాలి, ఎందుకంటే పరీక్ష కాగితం మీద లేదు, స్క్రీన్ మీద ఉంది. పెద్ద పట్టికను స్క్రీన్ మీద పైకీ కిందికీ జరుపుతూ చదవడం కూడా ఒక అలవాటే. ప్రశ్న ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు మెలిక పెట్టి ఉంటే, ఆ మెలిక విప్పడానికే సగం సమయం పోతుంది. ఇంటర్‌లో లెక్కల లెక్చరర్ లేక ఏడాదంతా గడిపిన హాస్టల్ పిల్ల, ఆరో తరగతి నుంచి ఒలింపియాడ్ కోచింగ్ తీసుకున్న పిల్ల ఒకే గదిలో ఒకే 20 నిమిషాలు కూర్చుంటారు. బయటికి వచ్చాక ఒకరిని మెరిట్ అంటారు, ఇంకొకరిని కోటా అంటారు.

సీశాట్ చరిత్ర గుర్తు తెచ్చుకోండి. 2011లో యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో పెట్టారు. ఇంగ్లిష్ మీడియం వాళ్ళకూ ఇంజనీరింగ్ వాళ్ళకూ అనుకూలంగా ఉందని గ్రామీణ, ప్రాంతీయ భాషల విద్యార్థులు 2014లో ఢిల్లీ రోడ్ల మీదకు వచ్చారు. 2015లో దాన్ని అర్హత పేపర్‌గా మార్చారు, 33 శాతం వస్తే చాలు అన్నారు. 200కి 66 మార్కులు. అప్పటిదాకా దేశానికి కలెక్టర్‌ని ఎంచుకునే తెలివికి కొలత అన్న పేపర్, పిల్లలు వీధిలో కూర్చున్నాక గడప దాటితే చాలు అనే పేపర్ అయింది. మెరిట్ అనేది ప్రకృతి నియమమైతే నోటిఫికేషన్‌తో మారదు కదా.

అయితే ఆ 66 కూడా తేలిక కాదు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. జీఎస్‌లో మంచి మార్కులు వచ్చి, సీశాట్ గడప దగ్గర ఆగిపోయిన మనవాళ్ళు మీ రూముల్లోనే ఉంటారు. అందుకే మూడో అబద్ధం మీద నాకు ఎక్కువ కోపం. "లెక్కలు మనవి కావు" అని మనమే చెప్పుకుంటే, ఆ మాట మన నోటితో ఎవరు పలికిస్తున్నారో ఆలోచించండి. ఉపాధి హామీ పనిలో కొలతలు తీసి కూలి తక్కువ పడితే, అక్షరం రాని మన అమ్మలు మేట్‌ను నిలదీసి ఎన్ని రోజులకు ఎంత రావాలో చెప్తారు. లెక్క మన ఇంట్లోనే ఉంది. లేనిది గడియారం పెట్టుకుని చేసే సాధన ఒక్కటే.

అంకెలకు కులం లేదా?

ఇప్పుడు రెండో అబద్ధం. కోచింగ్‌లో చెప్పే నాలుగు డి.ఐ. సూత్రాలు తీసుకుంటాను. కార్ల మీద కాదు, మన మీద వేసి చూపిస్తాను. పెన్ను తీసుకోండి.

మొదటి సూత్రం: శాతం కనిపిస్తే హారం చూడు.

ఎన్‌సీఆర్‌బీ నివేదిక ప్రకారం ఎస్సీల మీద నేరాల కేసులు 2020లో 50,291. 2021లో 50,900. 2022లో 57,582. పెరుగుదల ఎంత శాతం? 2021లో 609 పెరిగాయి, అంటే 1.2 శాతం. 2022లో 6,682 పెరిగాయి, అంటే 13.1 శాతం. ఇంతవరకు కార్ల లెక్కే.

పక్కన ఇంకో గడి ఉంటుంది, నేరాల రేటు. లక్ష మంది ఎస్సీలకు ఎన్ని కేసులు అని. 2022కి అది 28.6. ఇప్పుడు వెనక్కి లెక్క వెయ్యండి. 57,582ని 28.6తో భాగిస్తే సుమారు 2,013 లక్షలు. ఇరవై కోట్ల చిల్లర. ఇది ఎప్పటి జనాభా? 2011ది. 2022లో జరిగిన నేరాన్ని 2011లో లెక్కపెట్టిన మనుషులతో భాగించారు. ఎందుకంటే 2021 జనగణన జరగలేదు. 1881 నుంచి పదేళ్ళకోసారి తప్పకుండా జరిగిన లెక్క మొదటిసారి ఆగింది. ఇప్పుడు 2027 మార్చి 1 అంటున్నారు.

నిజాయితీగా ఇంకో మాట. కొత్త జనాభాతో భాగిస్తే ఆ రేటు 28.6 కంటే తగ్గుతుంది. తగ్గనివ్వండి. మనకు పెద్ద అంకె అవసరం లేదు, సరైన అంకె కావాలి. ఇంకా ముఖ్యమైనది పైన ఉన్న లవం. ఆ 57,582 అనేవి జరిగిన నేరాలు కావు, నమోదైన కేసులు. స్టేషన్ బయట పెద్దమనుషులు కూర్చుని రాజీ చేసినది, ఎస్సై ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపినది ఏ గడిలోనూ ఉండదు. కాబట్టి కేసులు తక్కువ ఉన్న రాష్ట్రం మంచి రాష్ట్రం అని ఎవరైనా గ్రాఫ్ చూపిస్తే వెంటనే తలూపకండి. కేసు పెట్టగలిగే ధైర్యం ఎక్కడ ఉందో అక్కడ కూడా కమ్మీ ఎత్తు పెరుగుతుంది.

రెండో సూత్రం: పెరుగుదల శాతం చెప్తే, ఎంత మీద పెరిగిందో అడుగు.

2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ళ డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఏళ్ళ తరబడి పెంచనివి పెంచారు, పోరాడిన విద్యార్థులది ఆ గెలుపు. పెంచినందుకు కాదనను. కానీ పట్టిక చదువుదాం. మూడు నుంచి ఏడో తరగతి వరకు నెలకు 950 రూపాయలు ఉండేది 1,330 అయింది. ఎనిమిది నుంచి పది వరకు 1,100 ఉండేది 1,540. ఇంటర్ నుంచి పీజీ వరకు 1,500 ఉండేది 2,100. మూడు వరుసల్లోనూ సరిగ్గా 40 శాతమే. ఇప్పుడు 30తో భాగించండి. చిన్న పిల్లకు రోజుకు 44 రూపాయలు. అందులోనే పొద్దున టిఫిన్, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఏదో ఒకటి, రాత్రి అన్నం, గుడ్డు, పాలు. పెంచక ముందు రోజుకు 31 రూపాయల 67 పైసలు.

పేపర్లో వచ్చిన హెడ్డింగ్ 40 శాతం. కంచంలో ఉన్నది 44 రూపాయలు. ఒకే పట్టికలో రెండూ ఉన్నాయి. ఏది చదవాలో నేర్పేదే డి.ఐ.

మూడో సూత్రం: మొత్తం సగటు చెప్తే, ముక్కలుగా విడగొట్టు.

"కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎస్సీలు 15 శాతం కంటే ఎక్కువే ఉన్నారు, ఇంకేం కావాలి" అని మీతో వాదించేవాళ్ళు ఉంటారు. అంకె అబద్ధం కాదు. గ్రూప్-ఏ నుంచి గ్రూప్-సీ దాకా అన్నీ ఒక కుప్పగా పోస్తే అలాగే వస్తుంది. విడగొట్టండి. గ్రూప్-ఏలో వాటా 15 కంటే తక్కువ. గ్రూప్-సీలో ఎక్కువ. పోస్టులు ఎక్కువ ఉండేది గ్రూప్-సీలోనే కాబట్టి సగటును అదే పైకి లాగుతుంది. కోచింగ్‌లో దీన్ని భారిత సగటు అంటారు. ఆ పట్టికల్లో సఫాయి కర్మచారీలను విడిగా ఒక వరుసలో చూపించే పద్ధతి ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించండి. ఊడ్చేవాళ్ళను కలిపితే మన శాతం పెరుగుతుంది. చీపురుతో పెరిగిన శాతాన్ని ప్రాతినిధ్యం అని చెప్పుకోవడం వాళ్ళకే ఇబ్బందిగా ఉన్నట్టుంది.

ఇక్కడే ఇంకో చిన్న లెక్క. కేంద్రంలో ఎస్సీ రిజర్వేషన్ 1970లో 12.5 నుంచి 15 అయింది. అప్పటినుంచి కదల్లేదు. 2011 జనగణనలో ఎస్సీలు 16.6 శాతం. తేడా ఎంత అంటే చాలామంది 1.6 శాతం అంటారు. తప్పు. తేడా 1.6 శాతపు పాయింట్లు. మనకు రావాల్సినదానిలో ఎంత శాతం తగ్గింది అంటే 1.6ని 16.6తో భాగించాలి, సుమారు 9.6 శాతం. రావాల్సిన ప్రతి వంద ఉద్యోగాల్లో తొమ్మిదికి పైగా కాగితం మీదే లేవు. భర్తీ కానివి ఆ తర్వాత లెక్క.

నాలుగో సూత్రం: సమాచారం సరిపోదు

డి.ఐ.కి తోడు డేటా సఫిషియెన్సీ అని ఒక రకం ప్రశ్న ఉంటుంది. ఇచ్చిన సమాచారం జవాబు చెప్పడానికి సరిపోతుందా లేదా తేల్చాలి. ఆప్షన్లలో ఒకటి: సరిపోదు.

దేశంలో ఏ కులం వాళ్ళ చేతిలో ఎంత భూమి ఉంది? ప్రైవేటు కంపెనీల్లో మేనేజర్లు ఎవరు? న్యూస్ చానెళ్ళ ఎడిటర్లు ఎవరు? సరిపోదు, సరిపోదు, సరిపోదు. 2011లో సామాజిక, ఆర్థిక, కుల గణన చేశారు. ఇంటింటికీ తిరిగారు. కులాల అంకెలు మాత్రం బయట పెట్టలేదు. సమాచారం లేకపోవడం వేరు, పెట్టెలో పెట్టి తాళం వెయ్యడం వేరు.

లెక్క పెట్టలేరా అంటే పెట్టగలరు. బిహార్ 2023లో పెట్టింది. తెలంగాణ 2024 నవంబర్‌లో మొదలుపెట్టి తర్వాతి ఫిబ్రవరికల్లా అంకెలు చెప్పింది: ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33, ఓసీలు 15.79. కూడండి, సరిగ్గా 100. ఆ సర్వే మీద విమర్శలు ఉన్నాయి, ఉండాలి కూడా. విమర్శించడానికైనా ఒక పట్టిక ముందు ఉండాలి కదా.

సమాచారం సరిపోదు అనే ఆప్షన్ ఎవరి విషయంలో వాడతారో చూడండి. 2006లో నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్ ఇవ్వాలంటే రాష్ట్రం లెక్కించదగిన డేటా చూపించాలి అని. వెనుకబాటుతనానికి డేటా, ప్రాతినిధ్యం తక్కువ అనడానికి డేటా. 2018లో జర్నైల్ సింగ్ తీర్పులో వెనుకబాటుతనం నిరూపించే పని తీసేశారు, ప్రాతినిధ్యం లెక్క అలాగే ఉంచారు. 2022 జనవరిలో ఆ లెక్క కేడర్ వారీగా ఉండాలన్నారు. ఈ లెక్కలు తేలేలోపు ఎంతమంది మనవాళ్ళు ప్రమోషన్ రాకుండానే రిటైరయ్యారో ఏ గడిలోనూ లేదు.

ఇప్పుడు రెండో పట్టిక. 2019 జనవరి 8న లోక్‌సభలో ఈడబ్ల్యూఎస్ బిల్లు పెట్టారు, అదే రోజు పాసయింది. 9న రాజ్యసభ. 12న రాష్ట్రపతి సంతకం. అయిదు రోజుల్లో రాజ్యాంగానికి 103వ సవరణ, 10 శాతం రిజర్వేషన్. కేడర్ వారీగా ప్రాతినిధ్యం ఎంత ఉందో చూపించమని ఎవరూ పట్టుబట్టలేదు. ఏడాదికి 8 లక్షల ఆదాయం అనే గీత ఎక్కడినుంచి వచ్చిందని 2021లో నీట్ పీజీ కేసులో సుప్రీంకోర్టే కేంద్రాన్ని అడిగింది. ఆ ఏడాది అడ్మిషన్లు అదే గీతతో జరిగాయి. 2022 నవంబర్ 7న ముగ్గురు న్యాయమూర్తులు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు, సవరణ నిలిచింది. ఎస్సీ, ఎస్టీ, బీసీల్లోని పేదలకు అందులో చోటు లేదు. తెలంగాణ సర్వే ప్రకారం ఓసీలు మొత్తం 15.79 శాతం, వాళ్ళలో పేదలకే 10 శాతం. నిష్పత్తి మీరే వెయ్యండి.

పేద ఓసీ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. వాడి తండ్రి కూడా అప్పుల్లోనే ఉన్నాడు. నా ప్రశ్న పరీక్ష పెట్టేవాళ్ళకు. ఒకే హాల్లో ఇద్దరు అభ్యర్థులు ఉంటే ఒకడికి పట్టిక చూపించమని, ఇంకొకడికి అక్కర్లేదని చెప్పే పరీక్షను ప్రామాణిక పరీక్ష అంటారా?

డేటా అడిగే చోటనే డేటా చూద్దాం. 2018 నుంచి 2023 జులై దాకా నియమించిన హైకోర్టు న్యాయమూర్తుల గురించి న్యాయశాఖ పార్లమెంటుకు చెప్పిన అంకెలు ఇవి. దీన్ని ఒక డి.ఐ. సెట్‌గా చెయ్యండి.

మొత్తం 604. జనరల్ 458. ఓబీసీ 72. మైనారిటీ 34. ఎస్సీ 18. ఎస్టీ 9. సమాచారం లేనివాళ్ళు 13.

ప్రశ్న ఒకటి: జనరల్ వాటా ఎంత? 458ని 604తో భాగిస్తే సుమారు 75.8 శాతం. ప్రశ్న రెండు: ఎస్సీల వాటా? 18ని 604తో భాగిస్తే 3 శాతం లోపు. ప్రశ్న మూడు: జనాభా నిష్పత్తిలో ఉంటే ఎంతమంది ఎస్సీలు ఉండాలి? ఇక్కడ 16.6 అంటే ఆరో వంతు అని నోటికి వచ్చినవాళ్ళకు 5 సెకన్లు చాలు. 604ని 6తో భాగించు. 100. ఉండాల్సింది వంద మంది, ఉన్నది 18 మంది. ప్రశ్న నాలుగు: ఈ 604 మందిలో ఎవరైనా, ఎస్సీలకు ప్రాతినిధ్యం తక్కువ ఉందని డేటా చూపించండి అని అడిగితే, ఏ పట్టిక చూపిస్తారు?

నాలుగో ప్రశ్నకు ఆప్షన్లు ఇవ్వను.

బాబాసాహెబ్ పట్టికలు

మనం ఫ్లెక్సీల మీద కోటు, పెన్ను, రాజ్యాంగం చూపిస్తాం. ఆయన పట్టికలు చూపించం. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం, 1925లో బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం. నిండా అంకెలే. పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో సైన్యంలో ఏ ప్రాంతం, ఏ వర్గం వాళ్ళు ఎంతమంది అని పట్టికలు వేశారు. కాంగ్రెస్, గాంధీల గురించి 1945లో రాసిన పుస్తకం వెనక ఎన్నికల అంకెలు పేజీలకు పేజీలు ఉంటాయి. ఆయన కోపంతో రాశారు, కానీ ఆ కోపం కింద ఎప్పుడూ ఒక పట్టిక ఉండేది. అందుకే ఎదుటివాళ్ళు తిట్టగలిగారు గానీ తప్పని చూపించలేకపోయారు.

ఆయన చనిపోయాక అచ్చయిన వ్యాసం ఒకటి ఉంది, పేరు ఫ్రమ్ మిలియన్స్ టు ఫ్రాక్షన్స్. కోట్లలో ఉన్న అంటరానివాళ్ళు కాగితం మీద ఎలా కరిగిపోయారో అందులో చెప్తారు. 1932లో ఓటు హక్కు తేల్చడానికి లోథియన్ కమిటీ వచ్చింది, బాబాసాహెబ్ అందులో సభ్యులు. అప్పటిదాకా మా దగ్గర అంటరానివాళ్ళు ఉన్నారని చెప్పడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. లెక్కను బట్టి సీట్లు వస్తాయని తెలిసిన మరుక్షణం, మా రాష్ట్రంలో అసలు లేరు, ఉన్నా కొద్దిమందే అన్నారు. మనుషులు ఎక్కడికీ పోలేదు. లవం చిన్నది చేశారు. బాబాసాహెబ్ ఆ కమిటీలో విడిగా నోట్ రాశారు.

ఏటా ఏప్రిల్ 14న ఆయన విగ్రహానికి హారాలు వేస్తాం. వెయ్యండి. దాంతోపాటు అంకె కింద ఉండే హారాన్ని కూడా చూడటం నేర్చుకోండి. ఆయన జీవితమంతా చేసిన పని అదే.

మరి ఏం చెయ్యాలి

మొదటిది, పారిపోవద్దు. కార్ల లెక్కలు చెయ్యండి. బాగా చెయ్యండి. ఉద్యోగం కావాలి, ఇంట్లో కట్టాల్సిన అప్పు ఉంది, చెల్లి చదువు ఉంది. ఊహించిన కంపెనీల మీద ప్రశ్న ఇవ్వడానికి కారణం కూడా ఉంది: ముందే విషయం తెలిసినవాడికి లాభం రాకూడదని. అది న్యాయమే. కాబట్టి పరీక్షలో పరీక్ష లెక్క చెయ్యండి. రోజుకు నాలుగు సెట్లు, గడియారం పెట్టుకుని. మొదటి వారం తప్పులు పోతాయి, పోనివ్వండి. 1 నుంచి 1/20 దాకా శాతాలు, 30 దాకా వర్గాలు గోడ మీద రాసి అతికించండి. పట్టిక చూడగానే ప్రశ్నకు దూకకుండా శీర్షిక, యూనిట్లు, కింద చిన్న అక్షరాలు చదవండి. వేలల్లోనా, లక్షల్లోనా? శాతమా, సంఖ్యా? సగం తప్పులు అక్కడే జరుగుతాయి. ఆడపిల్లలకు లెక్కలు రావని చెప్పే సారు ఉంటే, మీ స్కోరు కార్డు ఆయనకు వాట్సాప్ చెయ్యండి.

రెండోది, నాలుగు సెట్లు కార్లవి చేస్తే అయిదోది మనది చెయ్యండి. ప్రతి ఆదివారం హాస్టల్‌లో పదిమంది కూర్చోండి. ఎన్‌సీఆర్‌బీ పట్టికలు ఉచితం. రాష్ట్ర బడ్జెట్‌లో ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి పుస్తకం ఉచితం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో సబ్‌ప్లాన్ చట్టం ఊరికే రాలేదు, కొట్లాడి తెచ్చుకున్నాం. అందులో మూడు గడులు చూడండి: అంచనా, సవరించిన అంచనా, నిజంగా పెట్టిన ఖర్చు. మొదటి గడి మీద ప్రెస్‌మీట్ పెడతారు. మూడో గడి మీద ఎవరూ పెట్టరు. అందరూ నడిచే రోడ్డు, అందరూ వాడే కరెంటు ఎస్సీల ఖాతాలో ఎలా రాస్తారో అక్కడ దొరుకుతుంది. మీ యూనివర్సిటీలో అధ్యాపక పోస్టులు మంజూరైనవి ఎన్ని, నిండినవి ఎన్ని, ఎస్సీ, ఎస్టీ ఖాళీలు ఎన్ని? సమాచార హక్కు దరఖాస్తు 10 రూపాయలు. జవాబు రాకపోతే అది కూడా డేటానే, తేదీతో సహా రాసి పెట్టండి.

మూడోది మన ఇంటి మాట. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1 తీర్పు కూడా రాష్ట్రాలను అంకెలు చూపించి విభజించమనే చెప్పింది. దాని మీద మన రెండు వాడల మధ్య ఎంత వేడి ఉందో నాకు తెలుసు. ఎటువైపు ఉన్నా సరే, ఎదుటి అన్నను తిట్టే ముందు పట్టిక పెట్టండి. ఏ కేడర్, ఏ ఏడాది, ఎంతమందిలో ఎంతమంది. మన మధ్య తగువు పట్టిక మీద జరిగితే ఎక్కడో ఒక చోట ఆగుతుంది. పుకారు మీద జరిగితే ఆగదు, మూడోవాడు లాభపడతాడు.

గ్రూప్-1 గదిలోనో బ్యాంకు గదిలోనో మీరు ఉద్యోగం తెచ్చుకుంటారు. రేపు అదే పట్టికలు తయారు చేసే కుర్చీలో మీరే కూర్చుంటారు. ఆ రోజు మీ ముందుకు ఒక ఫైల్ వస్తుంది, ఎస్సీ నిధులు నూటికి నూరు శాతం ఖర్చయ్యాయని. సంతకం పెట్టే ముందు దేనిలో నూరు శాతమో ఒక్కసారి చూడండి. మీరు చూడకపోతే ఆ గదిలో ఇంకెవరూ చూడరు.

వచ్చే భాగంలో యూనివర్సిటీ ఖాళీల పట్టిక మనమే తయారు చేద్దాం. మీ క్యాంపస్ అంకెలు దొరికినవాళ్ళు ఏడాది, శాఖ రాసి పంపండి. అంకెకు ఆధారం ఉన్న కాగితం ఫొటో కూడా పెట్టండి. ఆధారం లేని అంకె ఎంత బాగున్నా వెయ్యను.

జై భీమ్.